ఎంఎస్ఆర్ ఇవో స్నోషూలు: బరంపురం, రాయగడ నుంచి మంచుకొండలకు వెళ్లేవాళ్లు కొనాలా?

ఒడిశా కొండలు దేవమాలి (1,672 మీటర్లు), మహేంద్రగిరి ఎక్కినవాళ్ల చూపు చలికాలం రాగానే ఉత్తరాఖండ్ వైపు మళ్లుతుంది. సామాను సర్దేటప్పుడు తికమక పెట్టేది స్నోషూలే, అంటే మెత్తటి మంచులో కాలు దిగబడకుండా బూటు కింద కట్టుకునే వెడల్పాటి పలకలు. కేదార్‌కంఠకైతే మాత్రం వీటి మీద డబ్బు పెట్టకండి. జనం తొక్కి తొక్కి అక్కడి దారి గట్టిపడి జారుతుంటుంది. బూటుకు తొడిగే చిన్న ముళ్ల గొలుసులు (మైక్రోస్పైక్స్), మంచు బూట్లోకి పోకుండా పిక్కకు చుట్టే తొడుగులు (గైటర్లు) ఉంటే చాలు. ఔలీ పైనున్న పచ్చికబయలు గోర్సన్ బుగ్యాల్ లాంటి చోట, కొత్తగా కురిసిన మంచులో మోకాలి దాకా దిగబడుతున్నప్పుడే స్నోషూ అక్కరకొస్తుంది.

ఎంఎస్ఆర్ కంపెనీ చేసే ఇవో స్నోషూ పొడవు 22 అంగుళాలు. పైన ప్లాస్టిక్ పలక, అడుగున పళ్లున్న ఉక్కు పట్టీలు, పాదం ముందు భాగం కింద ఉక్కు కొక్కేలు. గట్టి సరుకే, రాయి తగిలితే గీతలు పడతాయి గానీ త్వరగా విరగదు. బరువు పరిమితి 82 కిలోలు. లెక్క తప్పేది ఇక్కడే. అది ఒంటి బరువొక్కటే కాదు, బట్టలు, బూట్లు, సంచి, నీళ్లు అన్నీ కలిపి. 72 కిలోల మనిషి 12 కిలోల సంచి ఎత్తుకుంటే పరిమితి దాటినట్టే. విడిగా అమ్మే 6 అంగుళాల తోకలు వెనక తగిలిస్తే 113 కిలోల దాకా ఆపుతుంది. తోకలు లేకుండా పెద్ద సంచితో మెత్తటి మంచులోకి దిగితే స్నోషూ వేసుకుని కూడా దిగబడతారు.

తొడిగేటప్పుడు బకిల్స్ బయటి వైపుకు ఉండాలి, లేకపోతే నడకలో ఒకదానికొకటి తగులుకుంటాయి. పాదం ముందరి ఉబ్బు సరిగ్గా ఇరుసు (అడుగు వేసినప్పుడు బూటు తిరిగే కీలు) మీదికి రావాలి. మరీ ముందుకు జరిగితే బూటు కొన పలకకు కొట్టుకుంటుంది, వెనక్కి పోతే కొక్కేలు మంచులో దిగవు. పది నిమిషాలు నడిచాక బూటును కట్టే పట్టీలు మళ్లీ బిగించాలి. ఈ బిగింపులన్నీ ఇంట్లోనే, చేతి తొడుగులు వేసుకుని అలవాటు చేసుకోండి. వెనక్కి అడుగు వేయకండి, స్నోషూ వెనక కొన గుచ్చుకుని వెల్లకిలా పడతారు. తిరగాలంటే అరచుట్టు తిరగాల్సిందే.

దీని పెద్ద లోటు మడమ ఎత్తే కడ్డీ లేకపోవడం. నిటారు ఎక్కుడులో పిక్కలు పట్టేస్తాయి. ఎక్కువ ఎక్కేవాళ్లు ఆ కడ్డీ ఉన్న ఇవో అసెంట్ చూసుకోవడం మేలు. మధ్యాహ్నం ఎండకు తడిసిన మంచు కొక్కేల్లో ఉండలు కట్టి పట్టు పోతుంది, చేతికర్రతో తట్టి రాల్చుకుంటూ పోవాలి. పొద్దున్నే గాజులా గడ్డకట్టిన ఏటవాలు మీద అడ్డంగా నడవడానికి మాత్రం ఇవి పనికిరావు.

ఔలీలో స్కీ చేసేవాళ్లుంటారు. వాళ్ల జాడ మీద నడిస్తే గుంటలు పడి వాళ్లు బోల్తా కొడతారు. పక్కన మీ దారి మీరు వేసుకోండి, పై నుంచి దిగి వచ్చేవాళ్లకు ముందే తప్పుకోండి. ఆగాలంటే జాడ నుంచి పక్కకు జరగాలి. ఉత్త బూట్లతో మెత్తటి జాడ తొక్కి గోతులు చేయడం మరీ అన్యాయం, రాత్రికి అవి గడ్డకట్టి వెనకవాళ్ల చీలమండలు మెలితిప్పుతాయి. కొత్త మంచులో దారి తొక్కే పని అందరూ వంతులవారీగా పంచుకోవాలి.

30 నుంచి 45 డిగ్రీల వాలులో మంచు చరియలు ఎక్కువగా జారతాయి. స్నోషూ ఉందన్న ధైర్యంతో అటు పోకండి. మంచు చరియల ముప్పు గురించి రక్షణశాఖ సంస్థ డీజీఆర్ఈ ఇచ్చే హెచ్చరిక చూడకుండా బయల్దేరవద్దు.

ఏడాదికొకసారి వెళ్లేవాళ్లకు అద్దెవే నయం. తీసుకునే ముందు పట్టీలు సాగదీసి చూడండి, ఇరుసు పిన్ను దగ్గర పగులుందేమో వేలితో తడమండి. కొక్కేల కొనలు గుండ్రంగా అరిగిపోయిన జత ఎంత చవకగా ఇచ్చినా వద్దనండి.