ఎమ్మెస్సీకి ఎచ్చెర్లా, వైజాగా, హైదరాబాదా? మరి పీహెచ్‌డీకో?

డిగ్రీ ఆఖరి సెమిస్టర్ ఫలితాలు రాగానే మా శ్రీకాకుళంలో సైన్స్ పిల్లలు అడిగే ప్రశ్న ఒకటే. "మాస్టారూ, ఎచ్చెర్లలో చేరిపోమంటారా, ఏయూకి చూడమంటారా?" ఏయూ అంటే వైజాగ్‌లోని ఆంధ్రా యూనివర్సిటీ. కొంచెం మార్కులు బాగున్న వాళ్లు ఈమధ్య హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పేరు కూడా ఎత్తుతున్నారు. నా జవాబు ముందే చెప్పేస్తాను. పీజీకి వీలైనంత పెద్ద చోటికి వెళ్లండి. పీహెచ్‌డీకి మాత్రం, మీరు పట్టుకున్న విషయం ఇక్కడిదైతే, ఇక్కడికే వచ్చేయండి. మనవాళ్లు చేసేది సరిగ్గా దీనికి తిరగేసి. పీజీ ఇంటి దగ్గర కానిచ్చేసి, పీహెచ్‌డీ అనేసరికి పెద్ద పేరు వెంట పడతారు.

ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఒకప్పుడు ఏయూ వాళ్ల పీజీ సెంటరే. 2008లో సొంత విశ్వవిద్యాలయమైంది. ఏయూ 1926 నాటిది. కట్టమంచి రామలింగారెడ్డి గారు తొలి ఉపకులపతి, ఆ తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. హైదరాబాద్‌ది 1974. విజయనగరంలో 2019 నుంచి కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం, 2022 నుంచి జేఎన్‌టీయూ గురజాడ ఉన్నాయి. ఇంజినీరింగ్ సంగతి నాకు అంతగా తెలీదు కాబట్టి జేఎన్‌టీయూని ఈ లెక్కలోకి తేవడం లేదు.

పెద్ద యూనివర్సిటీ అనగానే పాఠాలు అద్భుతంగా చెప్తారనుకుంటే పొరపాటు. ప్రాజెక్టులు, కాన్ఫరెన్సులు, కమిటీలతో తలమునకలైన ప్రొఫెసర్ క్లాసుకి వచ్చి గబగబా నాలుగు సమీకరణాలు రాసి వెళ్లిపోవడం అక్కడ మామూలే. చిన్న చోట గెస్టు లెక్చరర్ నెట్‌కి, అంటే లెక్చరర్ అర్హతకీ ఫెలోషిప్‌కీ రాసే పరీక్షకి, తానే చదువుతూ ఉంటాడు, ఆ ఊపులో మీకూ బాగా చెప్తాడు. మీ పేరు తెలుసు, రెండ్రోజులు రాకపోతే ఫోన్ చేస్తాడు. క్లాసు వరకే చూస్తే ఇంటి దగ్గరే మేలని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఎమ్మెస్సీలో నేర్చుకునేదంతా క్లాసులోనే ఉంటుందా?

మా కెమిస్ట్రీ సంగతే చెప్తాను. ఓ పిల్లాడు ల్యాబ్‌లో ఏదో కొత్త పదార్థం చేశాడనుకోండి. అది తను అనుకున్నదేనా కాదా తేలాలంటే ఎన్‌ఎంఆర్ తీయించాలి, అంటే అణువు నిర్మాణాన్ని గీతల రూపంలో చూపించే పరీక్ష. ఆ యంత్రానికి ద్రవ హీలియం పోస్తూ ఉండాలి, కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. చిన్న డిపార్ట్‌మెంట్ తట్టుకోలేదు. కాబట్టి చిటికెడు పొడి బుల్లి సీసాలో వేసి, మూతకి టేపు చుట్టి, కొరియర్‌లో పంపిస్తాడు. ఎప్పటికో మెయిల్లో పీడీఎఫ్ వస్తుంది. అందులో 7.26 దగ్గర నిటారుగా ఓ గీత. తన పదార్థంలో బెంజీన్ వలయం ఉంది కదా అని పిల్లాడు దాన్ని తీసుకెళ్లి ఆ వలయానికి అంటగట్టేస్తాడు. అది అతను చేసినదాంది కానే కాదు. కరిగించడానికి వాడిన డ్యూటీరియం క్లోరోఫారంలో మిగిలిపోయిన మామూలు క్లోరోఫారంది. అదే, యంత్రం ఉన్న బిల్డింగ్‌లోనే చదువుకుంటున్నాడనుకోండి, స్క్రీన్ దగ్గర పక్కనే నిలబడ్డ సీనియర్ స్కాలర్ "అది సాల్వెంట్ రా బాబూ, వదిలెయ్" అంటాడు. ఇంక జన్మలో మర్చిపోడు. పుస్తకంలో ఈ ముక్క ఉంది, కాదనను. కానీ ఎవరికి గుర్తుంటుంది?

పరిశోధన జరిగే చోట పీజీ చదవడం అంటే నా ఉద్దేశంలో ఇదే. స్కాలర్ల మధ్య మెస్సులో కూచుని తినడం, ఎవడి ప్రయోగం ఎందుకు చెడిందో వినడం, సాయంత్రం సెమినార్‌లో వెనక బెంచీలో కూచుని సగమే అర్థం చేసుకోవడం. బయటి నుంచి వచ్చిన పెద్దాయన్ని ఓ కుర్ర స్కాలర్ లేచి "మీ మూడో స్లైడ్‌లో లెక్క కుదరట్లేదు సార్" అని అడిగితే, ఆయన నొచ్చుకోకుండా జవాబు చెప్పడం చూడాలి. మన దగ్గర డిగ్రీలో సార్‌ని ప్రశ్నించడం అంటే ఎదురుచెప్పడమే కదా. చిన్నచోటా ఎమ్మెస్సీ ప్రాజెక్టు ఉంటుంది, కానీ చాలామంది పాత ప్రాజెక్టుకి కొత్త అట్ట వేయించి ఇచ్చేస్తారు. వాళ్లని అని ఏం లాభం, చేయడానికి సరుకుండాలిగా.

సరే, అంత మంచిదైతే పీహెచ్‌డీ కూడా అక్కడే చేసేయొచ్చుగా అంటారు. విషయాన్ని బట్టి. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు 1940లో ఏయూలో గణితం పీజీ ముగించి కలకత్తా వెళ్లి, అక్కడి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ప్రపంచం మెచ్చే పని చేశారు. అంకెలకి ఊరు లేదు, ఆయన ఎక్కడికెళ్లినా ఒకటే. గిడుగు రామమూర్తి పంతులు గారి సంగతి వేరు. మన పర్వతాలపేటలో పుట్టి, విజయనగరంలో మెట్రిక్ చదివి, పర్లాకిమిడి బళ్లో చరిత్ర చెప్పుకుంటూ కొండల్లోని సవర గిరిజనుల భాష పట్టారు. సవరలని ఇంట్లో పెట్టుకుని, కొండలెక్కి దిగి నేర్చుకున్నారు. ఆ భాష మీద ఆయన రాసిన పుస్తకాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం అచ్చేసింది. మద్రాసులో కూచుని ఉంటే అయ్యే పనేనా అది?

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు అలాంటి విషయాలు ఇంకా చాలా ఉన్నాయి. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. ఎక్కడెక్కడి బృందాలో వచ్చి నీళ్లు, రక్తం పట్టుకెళ్లాయి. కవిటి, సోంపేట నుంచి వచ్చిన స్కాలరైతే ఆ ఇంటికే వచ్చే సోమవారం మళ్లీ వెళ్లగలడు. వేసవిలో ఏ బావి నీళ్లు తాగుతారు, వానల్లో ఏది, జీడితోటలో పనికెళ్లే రోజు సీసాలో ఎన్ని నీళ్లు పట్టుకెళ్తారు లాంటివి ఒక్క రాకలో తెలిసేవి కావు. పొందూరులో ఖద్దరు వడికే ఆడవాళ్లు వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతారు. ఆ సన్నటి పళ్లు పోగుని ఏం చేస్తాయో, దువ్వెనకి రానిది దానికెలా వస్తుందో ఫిజిక్స్ పిల్లలు కొలిచి చూడొచ్చు. శాలిహుండం బౌద్ధ శిథిలాలు, సవర పల్లెలు సరేసరి. సవర మీద పనిచేస్తానంటే విజయనగరం గిరిజన విశ్వవిద్యాలయం వైపు కూడా చూడండి, పేరులోనే ఉంది కదా.

డబ్బు సంగతీ ఇందుకు అడ్డు రాదు. నెట్‌లో మంచి ర్యాంకుతో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000. ఆ ఫెలోషిప్ మీది, యూనివర్సిటీది కాదు. ఇంటద్దె భత్యంలో తేడా తప్ప ఎచ్చెర్లలో చేరినా అంతే, హైదరాబాద్‌లో చేరినా అంతే. జేఆర్‌ఎఫ్ లేకపోతే మాత్రం లెక్క మారిపోతుంది. సెంట్రల్ యూనివర్సిటీలో నాన్‌-నెట్ ఫెలోషిప్ కింద నెలకి 8,000 ఇస్తారు. రాష్ట్ర యూనివర్సిటీలో మామూలుగా చేతి చమురే. అప్పుడు నేను కూడా హైదరాబాదే అంటాను, ఊరి విషయం ఎంత ముద్దొచ్చినా సరే.

జర్నల్స్ దొరకవన్న బెంగ కూడా ఇదివరకటంత లేదు. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకి, కాలేజీలకి దాదాపు 13,000 జర్నల్స్ అందుబాటులోకి వచ్చాయి. మీ లైబ్రరీ లాగిన్ ఇప్పించుకోండి, అడగందే ఎవరూ ఇవ్వరు.

ఎక్కడ చేసినా గైడ్ ముఖ్యం. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ ఎనిమిది మందిని, అసోసియేట్ ఆరుగురిని, అసిస్టెంట్ నలుగురిని మించి తీసుకోకూడదు. రిటైర్మెంట్‌కి మూడేళ్ల లోపున్న వాళ్లు కొత్తవాళ్లని తీసుకోకూడదు. పెద్ద పేరున్నాయన దగ్గర ఖాళీ ఉందా, ఆయనకి సర్వీసు ఉందా అన్నది ముందే కనుక్కోండి. థీసిస్‌లు దాచిపెట్టే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో ఆయన దగ్గర చేసిన వాళ్ల థీసిస్‌లు దొరుకుతాయి. రెండు దించుకుని చదవండి. రెండింటి మొదటి అధ్యాయమూ ఒకేలా ఉంటే ఆలోచించుకోవాల్సిందే.

మళ్లీ పీజీకొస్తే, మన పిల్లలు హైదరాబాద్ అవకాశం పోగొట్టుకునేది తెలివి చాలక కాదు, తేదీ తెలియక. ఇక్కడి యూనివర్సిటీలకి ప్రవేశ పరీక్ష ఏపీ పీజీసెట్. సెంట్రల్ యూనివర్సిటీలకి సీయూఈటీ పీజీ, అది మార్చిలోనే అయిపోతుంది. దరఖాస్తు చలికాలంలోనే పెట్టేయాలి. ఫలితాలొచ్చాక నా దగ్గరికొచ్చి అడిగితే అప్పటికే రైలు వెళ్లిపోయి ఉంటుంది. ఈ మాట ఐదో సెమిస్టర్ చదువుతున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి చెప్పండి.

ఏయూలో సీటొచ్చి హాస్టల్ రాకపోతే ఏటి చెయ్యమంటారని చాలామంది అడుగుతారు. వైజాగ్‌లో గది తీసుకోగలిగితే వెళ్లండి. ఆమదాలవలసలో రైలెక్కి రోజూ వెళ్లొస్తానంటే మాత్రం వద్దంటాను. పోనురాను రెండువందల కిలోమీటర్ల పైమాటే. మూడున్నరకే బ్యాగు సర్దుకోవాలి, సెమినార్ మొదలయ్యేది నాలుగింటికి. క్లాసులు విని వచ్చేయడానికైతే ఎచ్చెర్లే నయం, మిగిలిన నాలుగు గంటలు నెట్‌కి చదువుకోవచ్చు.