నాలుగేళ్ల లార్ప్ తర్వాత: మా ‘కబురు’ కాగితం గురించి

మా హైదరాబాద్ లార్ప్ బృందంలో చేరి నాలుగేళ్లు దాటింది. లార్ప్ అంటే కల్పిత కథలోని పాత్రల వేషాలు వేసుకుని, ఆ పాత్రలుగానే మసలుతూ ఆడే ఆట. ఫోమ్ కత్తులు, వేషాలు, దెబ్బల లెక్కలు ఆడేవారందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోను. నేను రాయదలచుకున్నది ఆటకు వారం ముందు వాట్సాప్‌లో వచ్చే ఒక్క పేజీ గురించి. దాన్ని మేము ‘కబురు’ అంటాము. గత ఆట తర్వాత మా కల్పిత రాజ్యంలో ఏమి జరిగిందో, ఇప్పుడు ఏ ఉపద్రవం రాబోతున్నదో అందులో ఉంటుంది. కూకట్‌పల్లి, ఉప్పల్, మెహదీపట్నంల నుంచి వచ్చే మూడు జట్లు అంతకుముందు ఒకే తోటలో మూడు వేర్వేరు ఆటలు ఆడుకునేవి. వాటిని కలిపింది ఈ కాగితమేనని కనిపించిన వారికల్లా చెప్పేవాడిని.

ఆ నమ్మకం నాకు వరద ఆట నాడు కుదిరింది. నిర్వాహకులు 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదను ఆధారంగా తీసుకుని, మొయినాబాద్ దగ్గరి తోటలో పల్లపు వైపున షామియానాల దుకాణం నుంచి తెచ్చిన నీలం పరదాలు పరిచారు. అరగంటకొకసారి గంట కొట్టి, ఆ గుడ్డను పది అడుగులు మెరక వైపు జరిపేవారు. గుడ్డ మీద ఒంటరిగా చిక్కినవాడు మునిగినట్టే. వేరే జట్టు మనిషి చేయి పట్టుకుని ఉంటేనే బతుకుతాడు. ఆటలోని వంతెన సుంకం తగాదాతో ఏడాదిగా మా వంక చూడని, మూడు జట్లలో ఒకటైన కోట జట్టువారు ఆ రోజు మా చెమట చేతులు వదలలేదు.

మూడో గంటకు నిలబడే చోటు లేకపోయింది. అప్పుడు మొదటిసారి ఆటకు వచ్చిన ఒక అమ్మాయి, ‘‘చింతచెట్టు ఎక్కండి!’’ అని అరిచింది. ఆనాటి వరదలో అఫ్జల్‌గంజ్‌లో, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారన్న సంగతి ఆమె తన నాయనమ్మ దగ్గర వినిందట. తోటలోని చింతచెట్టు నిర్వాహకుల పథకంలో లేనే లేదు; కాసేపు గుసగుసలాడుకుని ఒప్పుకున్నారు. నిజంగా ఎక్కింది ఇద్దరే, మిగిలినవారమంతా మొదలు చుట్టూ చేతులు కలుపుకుని నిలబడ్డాము. ఎర్రచీమల సంగతి తర్వాత తెలిసింది. ఆ పై కబురులో చెట్టుకు చోటు దొరికింది. నాటి నుంచి మూడు జట్ల మధ్య ఏ ఒప్పందమైనా దాని కిందనే జరుగుతోంది.

అయితే నేను ఇంతగా మెచ్చుకున్న కాగితమే మరుసటి ఏడాది మమ్మల్ని విడదీసింది. వరద తర్వాత నగరానికి 1920లో గండిపేట చెరువు సమకూరినట్టే మా రాజ్యానికీ ఆనకట్ట కట్టాలన్నారు, ఎవరి ఊరు ముంపుకు పోవాలో మమ్మల్నే తేల్చుకోమన్నారు. ఆలోచన చక్కగానే ఉంది. నాలుగు గంటలు వాదించి, పంటభూములు లెక్కగట్టి, మా ఊరే ఇస్తామని చెట్టు కింద ఒప్పుకున్నాము. తీరా ఆ నెల కబురును ఇద్దరు రాశారు: మాకు వచ్చిన పేజీలో ఊరు మునిగింది, కోటవారి పేజీలో పని ఆగిపోయింది. మరుసటి ఆటలో సగం పూట ఏది నిజమన్న తగాదాతోనే గడిచింది. నిర్వాహకులు రెండూ వదంతులేనని సర్దిచెప్పారు గానీ, ఊరు వదులుకున్న మా జట్టు పెద్దకు ఆ మాట రుచించలేదు. ఆయన మళ్లీ రాలేదు.

ఇప్పుడు కబురు ఒక్కరే రాస్తున్నారు, పంపే ముందు ప్రతి జట్టు నుంచి ఒకరికి చూపిస్తున్నారు. పొరపాట్లు తగ్గాయి, ఆలస్యం పెరిగింది. పాత కబుర్లన్నీ కలిపితే ఎనభై పేజీలు దాటాయి. వాటిని చూసి వెనక్కి తగ్గిన కొత్తవారు నాకు తెలిసి ఆరుగురున్నారు. అందుకే ఈ మధ్య ఎవరైనా అడిగితే వరద కబురు ఒక్కటే చదివి రమ్మంటున్నాను.

నాకు ఆదివారాలు సెలవు, తోట దాకా వెళ్లడానికి బండి ఉంది, జట్టులో పాత స్నేహితులున్నారు కాబట్టి ఈ పద్ధతి నాకు సరిపోయింది. షిఫ్టు ఉద్యోగం వల్ల మూడు నెలలకొకసారి వచ్చే మా తమ్ముడు మాత్రం ఇప్పటికీ ప్రతిసారీ దారిలో నన్నే అడుగుతాడు, ‘‘అన్నా, మన ఊరు ఇంతకీ మునిగిందా, లేదా?’’ అని.