ఎలుకల ల్యాబా, మనుషుల ల్యాబా, కోడ్ ల్యాబా? బెంగళూరులో న్యూరోసైన్స్‌కి వచ్చేవాళ్లకి ఏది మేలు?

ఎమ్మెస్సీ రిజల్ట్స్ రాగానే తిరుపతి నుంచో గుంటూరు నుంచో ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "అన్నా, ఐఐఎస్‌సీ మంచిదా, ఎన్‌సీబీఎస్ మంచిదా, నిమ్హాన్స్ మంచిదా?" అని. మూడూ బెంగళూరులో మెదడు మీద రీసెర్చ్ జరిగే పెద్ద సంస్థలు, మూడూ మంచివే. కానీ ఒకే బిల్డింగ్‌లో పక్కపక్క ల్యాబుల్లో బతుకులు ఎంత వేరుగా ఉంటాయో బయటివాళ్లకి తెలియదు. ఒక ల్యాబ్‌లో అమ్మాయి సాయంత్రం నాలుగైతే గానీ అన్నం తినదు. పక్క ల్యాబ్‌లో అబ్బాయి పదకొండింటికి లేచి వస్తాడు. అందుకే సంస్థ పేరు తర్వాత, ముందు ల్యాబ్ రకం చూసుకోమంటాను.

ఎలుకల ల్యాబుల్లో అన్నిటికంటే కష్టం ప్యాచ్ క్లాంప్, అంటే ఒక్కో మెదడు కణానికి సన్నటి గాజు పిపెట్ అతికించి దాని కరెంటు సిగ్నల్స్ కొలవడం. పొద్దున్నే చిట్టెలుక మెదడు తీసి, వైబ్రటోమ్ అనే కోత యంత్రం మీద 300 మైక్రాన్ల మందాన పొరలు కోస్తారు. లవణాల ద్రావణంలో వేసి, 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిసిన గ్యాస్ బుడగలు వదులుతూ ఉంటే ఆ పొరలు కొన్ని గంటలు ప్రాణంతో ఉంటాయి. ఆ గంటల్లోనే పని అయిపోవాలి. గాజు పిపెట్‌ని మైక్రోస్కోప్ కింద ఒక్క కణం దాకా తీసుకెళ్లి, దానికి తగిలించిన గొట్టాన్ని నోట్లో పెట్టుకుని మెల్లగా పీలుస్తారు. అతుక్కుంటే తెరమీద రెసిస్టెన్స్ గిగా ఓమ్ దాటుతుంది. సీల్ వచ్చినట్టు. క్యాంటీన్‌లో ఎదురుపడితే "తిన్నావా" అని కాదు, "సీల్ వచ్చిందా" అనే అడుగుతారు. మొదటి నెలల్లో చాలామందికి రాదు. లిఫ్ట్ కదిలినా పిపెట్ జారుతుందని రాత్రిళ్లు కూర్చునేవాళ్లూ ఉన్నారు.

అయితే ఈ పని వీడియోలు చూస్తే వచ్చేది కాదు. సీనియర్ అక్క పక్కన కూర్చుని, "ఇంకా పీల్చకు, ఆగు" అని చెప్తేనే వస్తుంది. అందుకే ఈ ల్యాబుల్లో మనుషుల మధ్య ముడి గట్టిగా ఉంటుంది. రిగ్ (మైక్రోస్కోప్, పిపెట్ అన్నీ అమర్చిన సెటప్) ఒకటే, వాడేవాళ్లు ముగ్గురు కాబట్టి గొడవలూ అంతే గట్టిగా ఉంటాయి. యానిమల్ హౌస్‌లో పనిచేసే అన్నతో మంచిగా ఉండండి. ఏ బోనులో ఎలుక నీరసంగా ఉందో, ఏది రేపు ఈనుతుందో పీహెచ్‌డీ స్కాలర్‌కంటే ముందు ఆయనకే తెలుస్తుంది. చేరేముందు అక్కడి స్టూడెంట్‌ని ఒక్క ప్రశ్న అడగండి: సంక్రాంతికి ఊరెళ్తే మీ ఎలుకల ప్రయోగం ఎవరు చూస్తారు? ఫలానావాళ్లు చూస్తారని టక్కున చెప్తే మంచి ల్యాబ్. నవ్వి ఊరుకుంటే మీకు అర్థమైపోవాలి.

మనుషుల ల్యాబుల్లో టెన్షన్ ఇంకో రకం. ఈఈజీకి, అంటే తలమీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు సిగ్నల్స్ రికార్డు చేయడానికి, పదింటికి రమ్మన్న వాలంటీర్ మేఖ్రీ సర్కిల్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని పదకొండింటికి వస్తాడు, అదీ తలకి నిండా కొబ్బరినూనె పట్టించుకుని. నూనె ఉంటే ఎలక్ట్రోడ్ సరిగా అంటదు. షాంపూ ఇచ్చి వాష్‌బేసిన్ దగ్గరికి పంపడం కూడా రీసెర్చ్‌లో భాగమే. ఆ తర్వాత 64 ఎలక్ట్రోడ్లకీ జెల్ పెట్టడం. అంతా అయ్యాక స్క్రీన్ నిండా 50 హెర్ట్జ్ కరెంటు నాయిస్. ఎవరో దగ్గర్లో ఛార్జర్ పెట్టి మర్చిపోయి ఉంటారు.

మన తెలుగువాళ్లకి నిజంగా కలిసొచ్చేది ఇక్కడే. నిమ్హాన్స్ ఆసుపత్రికి అనంతపురం, చిత్తూరు వైపు నుంచి ఎంతమంది వస్తారో ఒక పొద్దున ఓపీ దగ్గర నిలబడితే తెలుస్తుంది. రీసెర్చ్ స్కాన్‌కి ఒప్పుకునే పెద్దాయన చాలాసార్లు అదీ వైద్యమే అనుకుంటాడు. "ఇది ట్రీట్‌మెంట్ కాదు తాతా, వద్దంటే మీ వైద్యం ఏమీ ఆగదు" అని ఆయన భాషలో చెప్పి, అర్థమయ్యాకే సంతకం తీసుకునే మనిషి కావాలి. ఐఐఎస్‌సీ క్యాంపస్‌లోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ వాళ్లు కోలార్ జిల్లా శ్రీనివాసపుర పల్లెల్లో 45 ఏళ్లు దాటిన పదివేల మందిని ఏళ్ల తరబడి పరిశీలించాలన్న లక్ష్యంతో ఒక అధ్యయనం నడుపుతున్నారు. ఆ తాలూకాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు బోలెడంత మంది. జ్ఞాపకశక్తి పరీక్షలో అవ్వ తడబడితే, అది మతిమరుపా, బడికెళ్లకపోవడం వల్లా, ప్రశ్న అర్థంకాకా అన్నది తేల్చాలంటే ఎదురుగా కూర్చున్నవాళ్లకి ఆమె మాట తెలియాలి.

కోడ్ ల్యాబ్ అంటే మెదడు డేటాతో కంప్యూటర్‌లో మోడల్స్ కట్టే చోటు. దాని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. బీటెక్ వాళ్లు ఎగబడేది దీనికే. పైథాన్, జీపీయూ (పెద్ద లెక్కలు చేసే కంప్యూటర్ చిప్) కోసం క్యూ, ఇష్టమొచ్చిన టైము. ఎవరి హెడ్‌ఫోన్లు వాళ్లవి. నెలరోజులు ఒకచోటే ఇరుక్కుపోయినా పక్కవాడికి తెలియదు. ఇంకో సంగతి: కన్నార్పితే ఈఈజీలో ఎంత పెద్ద అల లేస్తుందో కళ్లారా చూడనివాళ్లు దాన్నే మెదడు సిగ్నల్ అనుకుని మోడల్ కట్టేస్తారు.

డబ్బు చూసి ఎంచుకోవాల్సిన పని లేదు. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీ మొదటి రెండేళ్ల ఫెలోషిప్) నెలకి 37,000, ఎస్ఆర్ఎఫ్ (ఆ తర్వాతి ఏళ్లది) 42,000. ఎలుకలైనా కోడ్ అయినా అంతే. ప్రాజెక్ట్ పోస్టులు మాత్రం గ్రాంట్ ఉన్నన్నాళ్లే.

నా ఓటు? పీహెచ్‌డీకి ముందు ఒక ఏడాది ప్రాజెక్ట్ పోస్టు అయితే కళ్లు మూసుకుని మనుషుల ల్యాబ్. మంచి డేటా, చెత్త డేటా తేడా అక్కడ త్వరగా తెలుస్తుంది, పైగా మీ భాషకి విలువ ఉంటుంది. అయిదారేళ్ల పీహెచ్‌డీకి, చేతికి ఓపిక ఉంటే, ప్యాచ్ క్లాంపే. ఆ విద్య చేతిలో ఉన్నవాళ్లు తక్కువ కాబట్టి పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి రీసెర్చ్ ఉద్యోగం) వెతుక్కునేటప్పుడు అడిగేవాళ్లు ఉంటారు. కోడ్ ఏ ల్యాబ్‌లో ఉన్నా ఎలాగూ నేర్చుకోక తప్పదు. ఎలుకని పట్టుకోవాలంటేనే చేతులు వణికితే మాత్రం మొహమాటపడకుండా ఇంటర్వ్యూలోనే చెప్పేయండి. చేరిన ఆర్నెల్లకి ల్యాబ్ మారడంకంటే అది చాలా తేలిక.