ఓజార్క్ జూబిలీయా, టౌన్ హాల్ పార్టీయా?

1950లలో అమెరికా పల్లె బాణీ అయిన కంట్రీ సంగీతాన్ని టీవీకి ఎక్కించిన కార్యక్రమాల్లో ఈ రెండింటికీ పోలికలు తక్కువే. ఓజార్క్ జూబిలీ మిస్సోరి రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌ది. 1955 జనవరి నుంచి 1960 వరకు ఏబీసీ టీవీ నెట్‌వర్క్ ద్వారా దేశమంతా చూసింది. వ్యాఖ్యాత రెడ్ ఫోలీ ఇంటి పెద్దలా నింపాదిగా మాట్లాడేవారు. పదకొండేళ్ల బ్రెండా లీ 1956లో ఈ వేదిక మీదే పాడింది. అంత చిన్న పిల్లకు అంత గొంతా అనిపిస్తుంది, ఇప్పుడు విన్నా.

టౌన్ హాల్ పార్టీ తీరు వేరు. లాస్ ఏంజెలస్ పక్కనున్న కాంప్టన్‌లో, శనివారం రాత్రుళ్లు గంటల తరబడి సాగేది. అక్కడి టీవీ స్టేషన్ కేటీటీవీ ప్రసారం చేసేది. 1930లలో కరువుకు, దుమ్ము తుఫానులకు ఓక్లహోమా, టెక్సస్ వదిలి కాలిఫోర్నియా చేరిన కుటుంబాలెన్నో. వాళ్ల చెవికి ఆ ఫిడేలు, ఆ యాస పోగొట్టుకున్న ఊరే. అందుకే కాబోలు, అక్కడ మర్యాద కన్నా హుషారు ఎక్కువ.

చక్కగా దిద్దిన కార్యక్రమం కావాలంటే జూబిలీయే. నా ఓటు మాత్రం కాంప్టన్‌కు. జో మాఫిస్ రెండు మెడల గిటారు మీద వేళ్లు పరిగెత్తిస్తుంటే, పక్కన అలాంటి గిటారే తగిలించుకుని గెంతుతూ వాయించే కుర్రవాడు లారీ కాలిన్స్‌ను ఒక్కసారి చూడండి.