ఇంటిపేరు కోసం డీఎన్ఏ కిట్: ఏడేళ్ల వాడకం తర్వాత

2015 గోదావరి పుష్కరాల్లో రాజమండ్రి కోటిలింగాల రేవులో మా నాన్న పిండప్రదానానికి కూర్చున్నారు. పురోహితుడు మూడు తరాల పేర్లు అడిగారు. నాన్న తన తండ్రి పేరు చెప్పారు, తాత పేరు చెప్పారు, ముత్తాత దగ్గర ఆగిపోయారు. వెనక జనం తోసుకుంటున్నారు. "గోత్రం చెప్పండి బాబూ, కానిచ్చేద్దాం" అన్నారాయన. తిరుగు ప్రయాణంలో రావులపాలెం వంతెన దాటేదాకా నాన్న నోరు విప్పలేదు. ఆ మూడో పేరు కోసమే 2018లో నేను డీఎన్ఏ కిట్ (ఉమ్మి పంపితే పూర్వీకుల, బంధువుల జాడ చెప్పేది) కొన్నాను. ఇప్పటికి ఏడేళ్లు. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే నాకు చిరాకు తెప్పించినవి వాళ్లొక్కళ్ల తప్పులు కావు. ఈ తరహా కిట్లన్నిటికీ ఉన్నవే.

ముందు ఇంటిపేరు సంగతి చెప్పాలి. మాది చివర 'లంక' ఉన్న ఇంటిపేరు. పూర్తిగా రాయను, ఇందులో వేరే ఇళ్ల గుట్లు కూడా ఉన్నాయి. మా కోనసీమలో ఇంటిపేర్లలో నేల పేర్లు ఎక్కువ. లంక అంటే గోదావరి మధ్య వేసిన మేట. తిప్ప, కుర్రు, పర్రు, పాలెం, ఇవన్నీ నీటికీ నేలకీ మధ్య ఎక్కడ కాలు నిలిచిందో చెప్పే మాటలు. బలుసుతిప్ప, పల్లంకుర్రు లాంటి ఊళ్ల పేర్లు చూస్తే తెలుస్తుంది. ఇందులో ఒక తమాషా ఉంది. సొంత ఊళ్లో ఉన్నంతకాలం ఎవరినీ ఆ ఊరి పేరుతో పిలవరు. ఊరొదిలి వేరే ఊరొచ్చినవాణ్ణే "ఫలానా లంకవాడు" అంటారు. అంటే ఇంటిపేరులో ఊరు ఉందంటే, ఆ ఊరు వదిలేసి చాలాకాలమైందని లెక్క.

మేం ఎందుకు వదిలామనే దానికి ఇంట్లో రెండు కథలు. ఒకటి నందన కరువు (1832-33). రెండోది కోరంగిని ముంచేసిన 1839 ఉప్పెన. ఆ పేరుతో ఉన్న లంకలు నాకు తెలిసి మూడు. అందులో ఒకటి సగం ఇప్పుడు గోదావరి వసిష్ఠ పాయలో ఉంది. ఆ మూడింట్లో మాది ఏదో కిట్ చెబుతుందనుకున్నాను. అదొక్కటీ చెప్పలేదు, చెప్పడం దాని వల్ల కాదు కూడా. ఊరి పేరు రక్తంలో ఉండదు కదా.

వాడటం మాత్రం తేలిక. చిన్న గొట్టంలో గీత వరకు ఉమ్మాలి, సుమారు రెండు మిల్లీలీటర్లు, నురగ లెక్కలోకి రాదు. అరగంట ముందు నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు. నాన్నకి కూడా ఒకటి కొన్నాను. భోజనం తర్వాత వక్కపొడి వేసుకోకుండా ఉండటం ఆయన వల్ల కాలేదు. "చిటికెడేరా" అన్నారు. ఆరు వారాల తర్వాత శాంపిల్ పనికిరాలేదని మెయిల్ వచ్చింది. రెండో గొట్టం ఉచితంగానే పంపారు, అది మెచ్చుకోవాలి. ఈసారి పొద్దున లేవగానే, కాఫీ కూడా ఇవ్వకుండా ఉమ్మించాను.

ఫలితాల్లో మొదట కనిపించేది శాతాల చక్రం. అందరూ ఫోన్‌లో తీసి బంధువుల గ్రూపులో పెట్టేది అదే. నన్నడిగితే దానంత పనికిమాలిన పేజీ ఇంకోటి లేదు. 2018లో నాకు 91 శాతం దక్షిణ భారతం, శ్రీలంక అని, 6 శాతం ఉత్తర భారతం అని, 3 శాతం మధ్య ఆసియా అని వచ్చింది. ఆ 3 శాతం చూసి మా బాబాయి మన పూర్వీకులు గుర్రాల మీద వచ్చారని ఊరంతా చెప్పాడు. 2020లో యాప్ అప్‌డేట్ అయింది, మధ్య ఆసియా మాయమైంది. 2022లో ఇంకోసారి మారింది, ఈసారి నేను 97 శాతం దక్షిణాది. నా ఉమ్మి అదే, మారింది వాళ్ల పోలిక పట్టిక. బాబాయి మాత్రం ఇప్పటికీ గుర్రం దిగలేదు.

ఆ పోలిక పట్టిక గురించి కాస్త చెప్పుకోవాలి. మన నమూనాని ఎవరితో పోల్చి "నువ్వు తెలుగువాడివి" అంటారు? ఈ రంగంలో అందరూ విరివిగా వాడుకునే 'వెయ్యి జీనోముల ప్రాజెక్టు'లో (రకరకాల జనాల డీఎన్ఏ నమూనాల సేకరణ అది) తెలుగువాళ్ల గుంపు ఒకటుంది. అందులో ఉన్నది 102 మంది, వాళ్లందరినీ తీసుకున్నది బ్రిటన్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్ల నుంచి. అంబాజీపేట కొబ్బరి తోటలో దింపు తీసేవాడైనా, ఆత్రేయపురంలో పూతరేకు చుట్టే ఆవిడైనా, ఇలాంటి పట్టికలో తూగాలంటే తూకపురాయి ఇంగ్లండులో ఉందన్నమాట. ఆ 102 మందిలో కోనసీమ వాళ్లుంటే ఉండవచ్చు, పట్టికలో జిల్లా పేర్లుండవు.

అంతకంటే లోతైన లెక్క హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లది. లాల్జీ సింగ్, తంగరాజ్, హార్వర్డ్ డేవిడ్ రైక్ బృందం కలిసి 2009లో 25 సమూహాలకు చెందిన 132 మందిని పరిశీలించారు. ఇప్పటి భారతీయుల్లో దాదాపు అందరూ రెండు పాత జనాల కలయికేనని, వాటా మాత్రమే తేడా అని తేల్చారు. 2013లో ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి మధ్యలో జరిగిందని లెక్క కట్టారు. ఆ తర్వాతే ఎవరి గుంపులో వాళ్లు పెళ్లిళ్లు చేసుకోవడం గట్టిపడిందట. చక్రం పేజీ కంటే ఇది చదివాక నాకు ఎక్కువ అర్థమైంది.

ఇక అసలు గొడవ. మగవాళ్ల రిపోర్టులో వై క్రోమోజోమ్ గుంపు అని ఒకటి వస్తుంది. అది తండ్రి నుంచి కొడుక్కి, ఇంటిపేరు నడిచిన దారిలోనే నడుస్తుంది. నాది హెచ్ గుంపు. దక్షిణాసియాలో చాలా ఎక్కువగా కనిపించేదే. 2021లో మా దాయాది ఒకాయన, నాకు వరసకి పెదనాన్న, మలికిపురం వైపు ఉంటారు, ఆయన కొడుకు కూడా ఇదే కిట్ వాడాడు. అతనిది ఎల్ వచ్చింది. నరసాపురంలో ఉన్న ఇంకో ఇంటివాళ్లదీ ఎల్. ముగ్గురం ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రం, ఎవరింట్లో చావు జరిగినా మిగతా ఇళ్లకి మైల పడుతుంది. వాళ్లిద్దరూ ఒకటి, నేను వేరు. హెచ్, ఎల్ విడిపోయింది పదుల వేల ఏళ్ల కిందట. దాన్ని ల్యాబ్ పొరపాటు అనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే నాన్న రిపోర్టు కూడా హెచ్చే.

నెల రోజులు టెన్షన్. నాన్న పైకేమీ అనలేదు గానీ గ్రూపులో మెసేజ్‌లు పెట్టడం మానేశారు. ఇలాంటప్పుడు జనం మనసు ఎటు పోతుందో చెప్పక్కర్లేదు. నాన్నమ్మలు, జేజెమ్మల మీదకే పోతుంది. కిట్ పెట్టె మీద ఈ ప్రమాదం గురించి ఒక్క ముక్క లేదు. సైట్‌లో ఎక్కడో కింద, "ఊహించని సమాచారం రావచ్చు" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. నేను ఒక మార్కు తగ్గించేది దీనికే.

ఆ దసరాకి మా మేనత్త దగ్గరకి వెళ్లాను. నాన్నకి అక్క, అప్పటికే ఎనభై దాటింది. ఆవిడ చేత కూడా ఉమ్మిద్దామని గొట్టం పట్టుకెళ్లాను. సంగతంతా విని, గొట్టం అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేసింది.

"ఒరేయ్ అబ్బాయ్, మా తాత దత్తుడు కదరా. ఉమ్మడం దేనికి, నన్నడిగితే చెప్పేదాన్ని కదా."

ఇంట్లో ఎవరూ ఆవిణ్ణి అడగలేదు. మగవాళ్ల వంశం గురించి ఆడపడుచునేం అడుగుతామనుకున్నాం కాబోలు. ఆవిడ చెప్పుకుంటూ పోయింది. దత్తత తీసుకున్నాయనకి మగపిల్లలు లేరు, పెద్ద కూతురి రెండో కొడుకుని పెంచుకున్నాడు. ఆ పిల్లాడే మా ముత్తాత. చిన్నప్పుడు సంక్రాంతి వెళ్లాక "తాత పుట్టిన ఇంటికి" పడవ మీద వెళ్లేవాళ్లట. మా పెదనాన్నకి ఆ ఇంటిపేరు వాళ్ల పిల్లని చూస్తే, కట్నం, చదువు అన్నీ కుదిరినా, ముసలాళ్లు కారణం చెప్పకుండా వద్దనేశారట. గోత్రాలు వేరే కదా అని అప్పట్లో అందరూ విడ్డూరంగా చూశారు. ఇప్పుడు అర్థమైంది, పేరు వేరైనా వాళ్లు మాకు రక్తంలో దాయాదులు.

కాగితం తర్వాత దొరికింది. 1986 ఆగస్టు వరదకి, ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు పోయినప్పుడు, మా ఇంట్లో అటక మీదకి ఎక్కించిన ట్రంకు పెట్టె తర్వాత ఎవరూ దింపలేదు. అందులో 1906 నాటి దత్తత దస్తావేజు. మడతల దగ్గర చిరిగింది, నీటి మరక కుడి అంచు తినేసింది. దత్తత తీసుకున్నాయన పేరు మాత్రం చక్కగా ఉంది, రెండు చోట్ల. కోటిలింగాల రేవులో నాన్న చెప్పలేకపోయిన మూడో పేరు అదే. పిల్లాడి కన్నతండ్రి పేరు, ఊరు కూడా ఉన్నాయి. కన్నతల్లి పేరు లేదు, "నా పెద్ద కుమార్తె" అని ఉంది అంతే. కానీ దత్తత తీసుకున్న ఇంటి రక్తం మా వైపుకి వచ్చింది ఆవిడ ద్వారానే. వై క్రోమోజోమ్ ఆవిడ భర్త ఇంటిది, ఇంటిపేరు ఆవిడ తండ్రిది. పేరు సూరమ్మ అని అత్తయ్య చెప్పింది.

బంధువుల జాబితా పేజీ గురించి రెండు మాటలు. మనలాంటి మేనరికాల జనానికి ఆ లెక్కలు సరిపోవు. మా అమ్మ మా నాన్నకి స్వయానా మేనమామ కూతురు. కాబట్టి అందరికీ ఎనిమిది మంది ఉండే ముత్తాతలూ ముత్తమ్మమ్మలూ నాకు ఆరుగురే. ఒకే రక్తం రెండు దారుల్లో వస్తే పంచుకున్న వాటా పెరిగి, దూరపు చుట్టం కూడా దగ్గరవాడిలా కనిపిస్తాడు. మలికిపురం అతన్ని యాప్ దగ్గర కజిన్ అంది, లెక్క ప్రకారం చాలా దూరం. పైగా కజిన్ అంటే బావా, తమ్ముడా? మనకి కావలసింది ఆ తేడాయే. బావయితే పిల్లనివ్వచ్చు, తమ్ముడైతే కూడదు. ఇంత పెద్ద యంత్రానికి అది తెలీదు. మారిషస్ నుంచి ఒకావిడ కూడా జాబితాలో తేలింది. కోరంగి రేవు నుంచి కూలికి ఓడలెక్కినవాళ్ల సంతతి అయి ఉండచ్చు. అక్కడ తాతల పేర్లే ఇంటిపేర్లయ్యాయి కాబట్టి పేరును బట్టి ఏమీ పట్టుకోలేం. రెండు మెయిళ్లు రాసుకున్నాం, ఆవకాయ దగ్గర ఆగిపోయాం.

ఆరోగ్యం పేజీ నేను పెద్దగా పట్టించుకోలేదు. అయితే ఒకే గుంపులో పెళ్లిళ్ల వల్ల వచ్చే జబ్బుల సంగతి నిజమే. ఆంధ్ర వైశ్యుల్లో కొందరికి ఒక ఎంజైమ్ లోపం ఉండి, మత్తు ఇచ్చేటప్పుడు వాడే ఒక మందుకి కండరాలు చాలాసేపు తేరుకోవని మత్తు డాక్టర్లకి తెలుసు. అలాంటిదేమైనా అనుమానం ఉంటే ఈ కిట్ నమ్ముకోకుండా డాక్టరు దగ్గరకే వెళ్లండి.

డేటా భయం కూడా ఉంది. నేను వాడింది అది కాదు గానీ, అమెరికాలో ట్వంటీత్రీ అండ్ మీ అనే కంపెనీలో 2023లో సుమారు 69 లక్షల మంది వివరాలు హ్యాకర్ల చేతికి పోయాయి, 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. అందుకని నేను మొత్తం ఫైలు దించుకుని, ల్యాబ్‌లో మిగిలిన శాంపిల్ పారేయమని రాశాను. పారేశామని జవాబు రావడానికి నాలుగు మెయిళ్లు పట్టింది.

కొనాలా అంటే, ఇంట్లో ఎనభై దాటినవాళ్లుంటే ముందు వాళ్ల దగ్గర ఒక పూట కూర్చోండి. రిజిస్ట్రారు ఆఫీసులో పాత దస్తావేజుల నకళ్లు తీయించండి, కిట్ ధర కంటే తక్కువే అవుతుంది. ఆ తర్వాత కూడా కొనాలనిపిస్తే, అదే ఇంటిపేరున్న దాయాది చేత కూడా చేయించండి. ఒక్కరి రిపోర్టుతో ఇంటిపేరు గురించి ఏమీ తెలియదు. ఐదుకి మూడు మార్కులు ఇస్తాను.

నాన్న 2027 పుష్కరాల కోసం ఇప్పటినుంచే చీటీ రాసుకున్నారు. నేను యాప్‌లో వంశవృక్షం పూర్తి చేద్దామని కూర్చున్నాను. ముత్తాతకి తల్లి గడిలో సూరమ్మ పేరు ఎక్కించాను. దత్తత తీసుకున్న తండ్రి గడిలో సూరమ్మ తండ్రిని పెట్టాను. అప్పుడు ఆవిడ ఆయనకి అక్క కూడా అయింది. ఒకే మనిషి తల్లీ అక్కా ఎలా అవుతుందని యాప్ ఆవిడ పేరు పక్కన ఎర్ర గుర్తు పెట్టి, సరిచేయమంటోంది. మూడు నెలలైంది, అలాగే ఉంచాను.