హల్లెలూయా పాడాలి, మిజెరేరే వినాలి

స్వరకర్త హాండెల్ రాసిన ‘మెస్సయ్య’ అనే పెద్ద క్రైస్తవ బృందగాన రచనను 1742లో డబ్లిన్‌లో మొదటిసారి పాడారు. అందులోని హల్లెలూయా కోరస్‌లో నాలుగు రకాల గొంతులకూ చేతినిండా పనే. ఒకరు ఎత్తుకున్న మాటను ఇంకొకరు అందుకుంటారు. వెనక వరసలో బాస్ (అన్నిటికన్నా కింది స్థాయి గొంతు) పాడేవాళ్ళకి కూడా పాట తమదే అనిపిస్తుంది. ట్రంపెట్లు కలిసేసరికి ఒళ్ళు పులకరిస్తుంది. వినడానికీ బాగుంటుంది గానీ, క్రిస్మస్ సీజన్లో విని విని చెవులకు అలవాటైపోయింది.

ఇటాలియన్ స్వరకర్త అల్లెగ్రి రాసిన ‘మిజెరేరే’ 17వ శతాబ్దంలో వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ కోసం పుట్టింది. పాడేది బైబిల్లోని 51వ కీర్తన, వాయిద్యాల్లేవు. రెండు బృందాలు మార్చి మార్చి పాడతాయి. ఇప్పుడు వాడుకలో ఉన్న రూపంలో సోప్రానో (అన్నిటికన్నా పై స్థాయి గొంతు) ఒక్కసారిగా పైస్థాయికి వెళ్ళే చోట వినేవాళ్ళకి ఊపిరి ఆగుతుంది. పాడే మనిషికి మాత్రం అక్కడ భక్తి కంటే టెన్షనే ఎక్కువ!