కాలేజ్ స్టేషన్‌లో ఫుట్‌బాల్ వారాంతం: ఆట తెలియనివాళ్ళం వెళ్ళొచ్చిన కబుర్లు

అమెరికా వచ్చి ఏళ్ళు గడిచినా ఇక్కడి ఫుట్‌బాల్ జోలికి వెళ్ళని తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఫిబ్రవరిలో ఎవరైనా సూపర్ బౌల్ (ఇక్కడి ఫుట్‌బాల్ ఫైనల్) పార్టీకి పిలిస్తే వెళ్ళి, బజ్జీలు తిని, ఎవరు గెలిచారో పట్టించుకోకుండా ఇంటికొచ్చేస్తాం. అలాంటివాళ్ళందరికీ నేను చెప్పేదొకటే. ఈ ఆటను టీవీ ముందు కూర్చుని నేర్చుకోవాలని చూడకండి. ఒక యూనివర్సిటీ ఊరికి వెళ్ళండి. శుక్రవారం సాయంత్రానికి చేరుకుని ఆదివారం దాకా ఉండండి. గ్యాలరీలో జనం ఏం చేస్తున్నారో అర్థమైతే మైదానంలో ఏం జరుగుతోందో దాని వెనకాలే అర్థమవుతుంది.

మేం వెళ్ళింది కాలేజ్ స్టేషన్. టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ ఉన్న ఊరు. మా తమ్ముడు అక్కడ ఎం.ఎస్. చేస్తున్నాడు. "అక్కా, అత్తయ్యగారినీ మావయ్యగారినీ తీసుకుని అక్టోబర్‌లో రండి, సెప్టెంబర్‌లో మాత్రం వద్దు, ఎండకు తట్టుకోలేరు" అన్నాడు. తెనాలి ఎండలు చూసినవాళ్ళకు ఇదేం లెక్క అనుకున్నాం గానీ, నీడలేని సిమెంటు మెట్ల మీద నాలుగు గంటలు కూర్చోవడం వేరే సంగతి. వాడి మాట విని మంచి పని చేశాం.

మేముండే డాలస్ పక్కనున్న అర్వింగ్ నుంచి కారులో మూడు గంటలకు పైనే పడుతుంది. ఐ-45 మీద దక్షిణంగా వెళ్ళి, మాడిసన్‌విల్ దగ్గర 21వ నంబరు రోడ్డు పట్టుకుని పక్క ఊరు బ్రయన్ మీదుగా చేరుకోవచ్చు. మాడిసన్‌విల్‌లో బకీస్ అనే పెద్ద పెట్రోల్ బంకు, దుకాణం ఉంది. పెద్దవాళ్ళతో ప్రయాణించేవాళ్ళు అక్కడ తప్పకుండా ఆగండి. అంత శుభ్రమైన బాత్రూములు ఆ దారిలో నాకు ఇంకెక్కడా కనిపించలేదు. ఆ దుకాణాలు పెట్టినాయన కూడా ఏ అండ్ ఎంలోనే చదువుకున్నాడు.

ఇక బస. ఈ యాత్రలో టెన్షన్ పెట్టేది ఇదొక్కటే. ఆట ఉన్న వారాంతం ఊళ్ళో గదుల అద్దె మామూలు రోజుల మీద మూడింతలు పలుకుతుంది. చాలా హోటళ్ళు రెండు రాత్రులకు తక్కువ ఇవ్వవు. స్టేడియానికి నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉన్నవైతే నెలల ముందే నిండిపోతాయి. మేం మొదటి రాత్రికి హైవే పక్కనున్న ఒక మోటెల్‌లో దిగాం. సిగరెట్ వాసన లేని గది కావాలని ముందే రాసినా, తలుపు తీయగానే అదే వాసన. మార్చమంటే "ఇవాళ ఏ గదీ ఖాళీ లేదు" అన్నారు. ఆ వారాంతం వాళ్ళతో బేరాలు కుదరవు. రెండో రాత్రికి బ్రయన్ పాత ఊరి వైపు, ఒక ఇంట్లోని రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. స్టేడియానికి నాలుగైదు మైళ్ళు ఉంటుంది. వంటగది ఉంది, వీధి ప్రశాంతంగా ఉంది, అత్తయ్యగారు పొద్దున్నే ఉప్మా చేశారు. కుటుంబంతో వెళ్ళేవాళ్ళకు నా ఓటు దీనికే. నవసోటా, బ్రెనమ్ లాంటి చుట్టుపక్కల ఊళ్ళలో ఇంకా చవగ్గా దొరుకుతాయి గానీ, ఆట అయ్యాక ఆ ట్రాఫిక్‌లో చీకట్లో అంత దూరం నడపడం నాకు నచ్చే పని కాదు.

శుక్రవారం సాయంత్రం తమ్ముడు క్యాంపస్ తిప్పి చూపించాడు. ఎదురుపడిన ప్రతివాళ్ళూ "హౌడీ" అని పలకరిస్తున్నారు. మావయ్యగారు మొదట తెలిసినవాళ్ళేమో అనుకుని ఆగిపోయారు, కాసేపటికి ఆయనే ముందుగా అనడం మొదలుపెట్టారు. 1876లో మొదలైన ఈ కాలేజీలో 1965 దాకా మగపిల్లలందరూ సైనిక శిక్షణ దళమైన కార్ప్స్‌లో చేరాల్సిందే. ఇప్పుడు అది ఇష్టమైనవాళ్ళకే. కానీ ఊరి నడవడికలో ఆ క్రమశిక్షణ ఇంకా ఉంది. మెమోరియల్ స్టూడెంట్ సెంటర్ అనే పెద్ద భవనం యుద్ధాల్లో చనిపోయిన పూర్వ విద్యార్థుల స్మారకం. లోపల టోపీ తీసేయాలి, చుట్టూ ఉన్న గడ్డి మీద నడవకూడదు. ఫొటోల కోసం గడ్డిలోకి దిగే అలవాటున్న మనవాళ్ళు ఇది ముందే తెలుసుకుని వెళ్ళాలి.

స్టేడియం బయట ఒక కుర్రాడి విగ్రహం ఉంది. పేరు ఇ. కింగ్ గిల్. 1922 జనవరి 2న డాలస్‌లో సెంటర్ కాలేజీతో ఆట. ఆ ఏడాది సెంటర్ జట్టుకు ఉన్నది మామూలు పేరు కాదు. ఏ అండ్ ఎం ఆటగాళ్ళు ఒకరి తర్వాత ఒకరు గాయపడి బయటికి వస్తుంటే, కోచ్ డేనా బైబిల్‌కు గిల్ గుర్తొచ్చాడు. బాస్కెట్‌బాల్ ఆడటానికని ఫుట్‌బాల్ జట్టు వదిలేసిన విద్యార్థి అతను. పైన విలేకరుల దగ్గర కూర్చుని ఆటగాళ్ళను గుర్తుపట్టడంలో సాయం చేస్తున్నాడు. కిందికి పిలిపించి, గాయపడినవాడి యూనిఫాం తొడిగించారు. ఆట అయిపోయేదాకా గిల్ మైదానం పక్కన నిలబడే ఉన్నాడు. ఏ అండ్ ఎం 22-14తో గెలిచింది. అతన్ని దించాల్సిన అవసరమే రాలేదు. అయినా ఈ యూనివర్సిటీ ఇన్నేళ్ళుగా తలుచుకునేది అతన్నే. జట్టుకు పదకొండు మంది, పన్నెండో మనిషి బయట సిద్ధంగా నిలబడ్డవాడు. అందుకే ఈనాటికీ విద్యార్థులు ఆట సాగినంతసేపూ కూర్చోరు.

ఆ పక్కనే, స్టేడియం ఉత్తరం వైపు, రెవెలీ సమాధులు ఉన్నాయి. రెవెలీ అంటే ఈ యూనివర్సిటీ కుక్క. మొదటిది 1931లో వచ్చింది, ఇప్పుడున్నది పదోది. కార్ప్స్‌లో దానిదే అన్నింటికన్నా పెద్ద హోదా. స్టేడియం పెంచినప్పుడు సమాధుల దగ్గర్నుంచి స్కోరుబోర్డు కనబడకుండా పోయిందని, వాటి కోసం విడిగా ఒక చిన్న స్కోరుబోర్డు పెట్టారు. దీన్ని పిచ్చి అనేవాళ్ళు అననీయండి, నాకు మాత్రం ఆ శ్రద్ధ చాలా నచ్చింది.

అర్ధరాత్రి పన్నెండుకు మిడ్‌నైట్ యెల్. ఇది ఉచితం, టికెట్ అక్కర్లేదు. ఆట ముందు రాత్రి వేలమంది స్టేడియానికి వచ్చి, మర్నాడు వేయాల్సిన కేకలు సాధన చేస్తారు. ఇక్కడ చీర్‌లీడర్లు లేరు. విద్యార్థులే ఓటు వేసి ఎన్నుకున్న ఐదుగురు యెల్ లీడర్లు చేతులతో సైగలు చేస్తారు. ఆ సైగను వరుస వరుసగా వెనక్కి అందించి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి, అందరూ ఒకే గొంతుతో అరుస్తారు. మావయ్యగారికి నిద్ర వస్తుందని గదికి పంపేద్దామనుకున్నాం. ఆయన ఒప్పుకోలేదు. రెండు రాత్రులు ఉండలేనివాళ్ళు, ఆట టికెట్ కొనలేనివాళ్ళు ఈ ఒక్కదానికి వచ్చినా దండగ కాదు. చివర్లో దీపాలు ఆర్పితే జంటలు ముద్దు పెట్టుకోవడం ఆచారం. మర్నాడు జట్టు పాయింట్లు సాధించినప్పుడూ అంతే. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ముందే ఒక మాట చెప్పి ఉంచితే ఇబ్బంది ఉండదు.

ఆట ఎలా ఆడతారో శనివారం పొద్దున టిఫిన్ తింటూ తమ్ముడు చెప్పాడు. "మావయ్యగారూ, దీన్ని నాలుగు బంతుల ఓవర్ అనుకోండి. నాలుగింటిలో పది గజాలు ముందుకెళ్ళాలి. వెళ్ళారా, మళ్ళీ కొత్తగా నాలుగు బంతులు. వెళ్ళలేదా, బంతి అవతలివాళ్ళకు." నూరు గజాల మైదానం. చివరి గీత దాటితే టచ్‌డౌన్, 6 పాయింట్లు. ఆ తర్వాత బంతిని తన్ని స్తంభాల మధ్యగా పంపితే ఇంకొకటి, తన్నకుండా మళ్ళీ గీత దాటితే రెండు. టచ్‌డౌన్ కుదిరేలా లేనప్పుడు దూరం నుంచే తన్ని స్తంభాల మధ్యకు పంపితే 3. ఆట జరిగే తీరు తెలియడానికి ఇంతకు మించి అక్కర్లేదు. పసుపు గుడ్డ కింద పడితే ఎవరో తప్పు చేశారని, మిగతాది రిఫరీ మైకులో చెబుతాడు.

"బావా, బంతి కోసం వెతక్కు, కనబడదు. మైదానం పక్కన నారింజ రంగు కర్రలు పట్టుకున్నవాళ్ళు ఉంటారు చూడు. ఎక్కడిదాకా వెళ్ళాలో అవే చెబుతాయి" అన్నాడు మా వారితో. టీవీలో చూపించే పసుపు గీత మైదానంలో ఉండదు మరి. అక్కడికి వెళ్ళాక ఈ సలహా బాగా అక్కరకొచ్చింది.

పార్కింగ్ సంగతి. దగ్గర స్థలాలన్నీ సీజను మొత్తానికి కొనుక్కున్నవాళ్ళవి. మేం ఒక ప్రైవేటు స్థలంలో నలభై డాలర్లు పెట్టి, అరగంట నడిచాం. దారి పొడుగునా చెట్ల కింద డేరాలు, పొయ్యిలు, బ్రిస్కెట్ మాంసం కాలుతున్న పొగ. ముక్కూమొహం తెలియనివాళ్ళు పిలిచి మరీ కూర్చోబెట్టారు. మేం శాకాహారులమంటే ఒకావిడ మొక్కజొన్న కంకులు కాల్చి ఇచ్చింది. అత్తయ్యగారు తన డబ్బాలోని పులిహోర పెడితే వాళ్ళు అడిగి మరీ రెండోసారి వేయించుకున్నారు. స్టేడియంలో మాత్రం శాకాహారులకు దొరికేది తక్కువ, ధర ఎక్కువ. బయటే కడుపు నింపుకుని వెళ్ళండి. లోపలికి పారదర్శకంగా ఉండే సంచీలనే రానిస్తారు. మామూలు హ్యాండ్‌బ్యాగ్ తెచ్చినవాళ్ళను గేటు దగ్గర్నుంచి కారు దాకా వెనక్కి పంపడం చూశాం.

ఈ స్టేడియం పేరు కైల్ ఫీల్డ్, ఇందులో 1,02,733 మంది పడతారు. కాలేజ్ స్టేషన్ జనాభాలో పెద్ద వాటా అంతా ఒకేచోట కూర్చున్నట్టే. మేం పడమటి వైపు సీట్లు తీసుకున్నాం. మధ్యాహ్నం ఆటలకు నీడ అటే ముందు వస్తుంది. విద్యార్థులు ఎదురుగా, తూర్పు వైపు. వాళ్ళను చూడటానికైనా పడమటి సీట్లే మంచివి. పై అంతస్తు మెట్లు బాగా ఏటవాలు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ఆ చవక టికెట్లు వద్దు. సీట్లు చూపించే వాలంటీరు ఒకాయన అత్తయ్యగారి చెయ్యి పట్టుకుని వరుస దాకా తీసుకొచ్చాడు. గేటు నుంచి సీటు దాకా సిబ్బంది మర్యాదకు నేను పూర్తి మార్కులు వేస్తాను. ఇంటర్నెట్లో తిరిగి అమ్మే టికెట్ల మీద చివర్లో కలిపే రుసుములకు మాత్రం సున్నా. మొదట చూపించిన ధరకూ, కట్టిన ధరకూ పొంతన లేదు.

ఆట మొదలయ్యాక నేను గమనించిందీ, కొత్తవాళ్ళకు ముఖ్యంగా చెప్పాలనుకున్నదీ ఇది. మన జట్టు చేతిలో బంతి ఉంటే స్టేడియం తగ్గి మాట్లాడుతుంది. అవతలివాళ్ళ చేతిలో ఉంటే, అందులోనూ మూడో ప్రయత్నం (తమ్ముడి లెక్కలో మూడో బంతి) అయితే, చెవులు పగిలేలా హోరెత్తుతుంది. అది ఊరికే ఉత్సాహం కాదు. జట్టును నడిపించే ఆటగాడు, క్వార్టర్‌బ్యాక్, తనవాళ్ళకు ఏం చేయాలో అరిచి చెప్పాలి, ఆ హోరులో పక్కవాడికే వినబడదు. ఒకడు తొందరపడి ముందే కదిలితే ఐదు గజాలు వెనక్కి. మా కళ్ళ ముందే అది జరిగింది. పసుపు గుడ్డ పడగానే మావయ్యగారు "వీళ్ళు అరిచి ఐదు గజాలు సంపాదించారే!" అని లేచి నిలబడ్డారు. పన్నెండో మనిషి అంటే ఏమిటో ఆ క్షణంలో ఆయనకూ నాకూ అర్థమైంది. అక్కణ్ణుంచి ఆయనకు ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. జనం గొంతు విని, ఇది మూడోదా నాలుగోదా అని ఆయనే చెబుతున్నారు.

ఇరవై నిమిషాల విరామంలో టాయిలెట్ల వైపు పరిగెత్తకండి. ఈ ఊళ్ళో విరామమే అసలు ప్రదర్శన. కార్ప్స్ విద్యార్థుల బ్యాండ్, మూడొందల మందికి పైగా, సైనిక కవాతుతో వరుసలు ఒకదానిలోంచి ఒకటి దాటుకుంటూ వెళ్తారు. ఒక్కరు అడుగు తప్పినా మొత్తం చెదిరిపోతుంది. చెదరలేదు. ఇక ఈ యూనివర్సిటీ పాట అయిన యుద్ధ గీతం చివర్లో అందరూ పక్కవాళ్ళ భుజాల మీద చేతులు వేసి, ఒక వరుస ఇటు, ఇంకో వరుస అటు ఊగుతారు. పాత ప్రత్యర్థి టెక్సస్ యూనివర్సిటీ గుర్తైన ఎద్దు కొమ్ములు రంపంతో కోస్తున్నట్టు అన్నమాట. మన కాళ్ళ కింద అంతస్తు కదిలినట్టే ఉంటుంది. అత్తయ్యగారు భయపడి నా చెయ్యి పట్టుకున్నారు, రెండోసారికి అవతలి పక్కావిడ భుజం మీద చెయ్యి వేశారు.

మొత్తం మూడున్నర గంటలు. అయిపోయాక వెంటనే బయల్దేరకండి. రోడ్లు గంటన్నర దాకా కదలవు. ట్యాక్సీ యాప్‌ల ధరలు ఆకాశంలో ఉంటాయి. క్యాంపస్ పక్కన బార్లు, తిండి దుకాణాలు ఉన్న నార్త్‌గేట్ వైపు నడిచి ఏదైనా తినడమే నయం, అయితే అక్కడ ఆ రాత్రి గోల ఎక్కువ, పిల్లలతో వెళ్ళడానికి బాగుండదు.

ఆదివారం పొద్దున్నే బాన్‌ఫైర్ స్మారకం చూడండి. టెక్సస్‌తో ఆటకు ముందు విద్యార్థులు దుంగలు పేర్చి పెద్ద మంట వేసే ఆచారం ఉండేది. 1999 నవంబర్ 18 తెల్లవారుజామున, కడుతుండగానే ఆ దుంగలు కూలి 12 మంది చనిపోయారు, 27 మంది గాయపడ్డారు. చనిపోయిన ఒక్కొక్కరికి ఒక్కో ద్వారం కట్టి, దాన్ని వాళ్ళ సొంత ఊరి దిక్కుకు తిప్పారు. ఆ తర్వాత యూనివర్సిటీ ఆ మంటను క్యాంపస్‌లో మళ్ళీ వేయలేదు. ఆచారాల గురించి ఇంత గర్వంగా చెప్పుకునే చోట ఈ స్మారకం కూడా చూడకపోతే సగమే చూసినట్టు. ప్రవేశం ఉచితం, గంట చాలు. సమయం మిగిలితే జార్జ్ హెచ్. డబ్ల్యు. బుష్ లైబ్రరీ కూడా క్యాంపస్‌లోనే ఉంది. మావయ్యగారి లాంటి పేపరు చదివేవాళ్ళకు బాగా నచ్చుతుంది.

నాలుగేళ్ళలోపు పిల్లలుంటే చెవులకు మఫ్‌లు తీసుకెళ్ళండి, లేదా మిడ్‌నైట్ యెల్ మానేసి పగటి ఆట ఒక్కటే చూపించండి. మొదటిసారి వెళ్ళేవాళ్ళు టెక్సస్‌తో ఆట పెట్టుకోకండి. 2011 తర్వాత ఆగిపోయి 2024లో మళ్ళీ మొదలైన పోటీ అది, టికెట్లు మన చేతికందే ధరలో ఉండవు. అంత పేరులేని జట్టుతో అక్టోబర్, నవంబర్‌లలో జరిగే ఆట ఎంచుకోండి. ఆచారాలన్నీ అవే, ఖర్చు మాత్రం చాలా తక్కువ. ఆట పగలా రాత్రా అన్నది టీవీవాళ్ళ చేతిలో ఉంటుంది, కొన్నిసార్లు ఆఖరి రెండు వారాల దాకా తేలదు. కాబట్టి షెడ్యూలు రాగానే రద్దు చేసుకునే వీలున్న గది ముందు పట్టుకోండి, టికెట్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు.